తోడేసిన కొలను, రాయని స్కోరు

బాస్కెట్‌బాల్‌ని 1891లో కనిపెట్టినవాడు జేమ్స్ నైస్మిత్. ఆయన దగ్గర నేరుగా చదువుకున్న జాన్ మెక్‌లెండన్‌కి మాత్రం కాన్సాస్ యూనివర్సిటీ జట్టులో చోటు లేదు. కారణం ఒక్కటే, నల్లవాడు. మెరిట్ గురించి మనకి రోజూ పాఠాలు చెప్పేవాళ్ళు ఈ ఒక్క ముక్క దగ్గర కాసేపు ఆగితే బాగుంటుంది.

1915లో పుట్టిన మెక్‌లెండన్ 1933లో వ్యాయామ విద్యలో చేరాడు. ఆ చదువుకి ఈత తప్పనిసరి. నల్ల విద్యార్థుల్ని మాత్రం కొలనులో దిగనివ్వకుండా ఊరికే మార్కులేసి పంపేవాళ్ళు. ఇది దయ కాదు, నీళ్ళకి కాపలా. ఆ మార్కులు నాకొద్దని మెక్‌లెండన్ కొలనులో దిగాడు. ఆయన బయటికొచ్చాక నీళ్ళన్నీ తోడేశారు. మనకి మహాద్ గుర్తురాదూ? 1927 మార్చి 20న అంబేద్కర్, ఆయన వెంట జనం చవదార్ చెరువు నీళ్ళు తాగితే అగ్రకులాలు పేడ, పాలు, పెరుగుతో ఆ చెరువుని 'శుద్ధి' చేశాయి. అక్కడ నీళ్ళు పారబోశారు, ఇక్కడ నీళ్ళలో పేడ కలిపారు. అంతే తేడా.

జట్టులోకి రానివ్వలేదు సరే, ఆట నేర్పకుండా ఆపలేకపోయారు. 1940లో మెక్‌లెండన్ డర్హమ్‌లోని నల్లవాళ్ళ కళాశాలకి ప్రధాన కోచ్ అయ్యాడు. బంతి చేతికందగానే అయిదుగురూ పరుగెత్తి, ఎదుటివాళ్ళు సర్దుకునేలోపే బుట్టలో వేసే ఫాస్ట్ బ్రేక్‌ని ఒక శాస్త్రంగా మలిచాడు.

1944 మార్చి 12, ఆదివారం. ఊరంతా చర్చిలో ఉన్న వేళ డ్యూక్ వైద్య కళాశాల తెల్ల విద్యార్థుల జట్టు మెక్‌లెండన్ జిమ్‌కి వచ్చింది. తలుపులకి తాళాలేశారు. కిటికీల్లోంచి తొంగిచూసిన కొద్దిమంది విద్యార్థులే ప్రేక్షకులు. 88-44 తేడాతో నల్లజట్టు గెలిచింది. తర్వాత రెండు జట్లనీ కలిపి ఇంకో ఆట ఆడారు. ఆ రెండో ఆటని చూపించి సోదరభావమని మురిసేవాళ్ళున్నారు. మేము మాత్రం ఆ తాళాల దగ్గరే ఆగుతాం. సంగతి తెలిసిన నల్లవాళ్ళ పత్రిక విలేఖరి కూడా రాయలేదు. పిరికితనం అనుకునేరు! అదే ఊళ్ళో ఆ జూలైలోనే, బస్సులో సీటు దగ్గర వచ్చిన గొడవలో బుకర్ స్పైస్లీ అనే నల్ల సైనికుణ్ణి తెల్ల డ్రైవర్ కాల్చిచంపాడు. కోర్టు ఆ డ్రైవర్‌ని నిర్దోషిగా వదిలేసింది. అటువంటి చోట ఎవరి ప్రాణానికి ఎంత ఖరీదో కోచ్‌కి తెలుసు. గెలిచీ గెలిచామని చెప్పుకోలేని గెలుపది. అది జనానికి తెలిసింది 1996లో, స్కాట్ ఎల్స్‌వర్త్ అనే చరిత్రకారుడు రాశాక.

టెనెసీలోని నల్లవాళ్ళ కళాశాలకి 1957, 58, 59లో వరసగా మూడు జాతీయ టైటిళ్ళు తెచ్చిపెట్టినవాడూ ఈయనే. తెల్ల విద్యార్థులే ఎక్కువగా ఉన్న క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ ఆయన్ని కోచ్‌గా తీసుకున్నది 1966లో.

1979లో బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనకి చోటిచ్చింది. కోచ్‌గా కాదు, 'ఆటకి సేవ చేసినవాడి'గా! కోచ్ అని రాయడానికి ఇంకో 37 ఏళ్ళు పట్టింది. ఆయన 1999లోనే చనిపోయాడు.