తాతయ్య అంబాసిడర్ ముందు అద్దం తీశాం: దాని వెనక ఉన్న వందేళ్ల కథ

పోయిన ఎపిసోడ్‌లో మా తాతయ్య అంబాసిడర్ చూపించాను కదా, 1978 మోడల్. "అన్నా, ఎప్పుడు రోడ్డెక్కుతుంది?" అని చాలామంది అడిగారు. దానికి ముందు ఒక సమస్య తీరాలి. వాన పడితే చాలు, ముందు అద్దం కింది మూల నుంచి నీళ్లు కారి డ్రైవర్ కాళ్ల దగ్గర మడుగు కడుతోంది.

ఒక షెడ్డులో చూపిస్తే, "అద్దం కదిలిస్తే పగులుద్ది సార్, పైన సిలికాన్ పూసేద్దాం" అన్నారు. పూశారు. రెండు వానలు ఆగింది, మూడో వానకి మళ్లీ మడుగే. ఇక అద్దం తీయక తప్పదు. కానీ నా భయం వేరే. ఆ అద్దం పైమూలన తాతయ్య ఎర్ర పెయింటుతో "బుజ్జి" అని రాయించారు. అది మా అమ్మ ముద్దుపేరు. తాతయ్య ఇప్పుడు లేరు. అద్దం పగిలితే ఆ పేరు కూడా పోతుంది.

సరే, తీసే ముందు అసలు ఈ అద్దం కథేంటో చూద్దాం.

మొదట్లో కార్లకి వేసింది మామూలు కిటికీ అద్దమే. గుద్దుకుంటే కత్తుల్లాంటి పెంకులయ్యేది. ప్రమాదం కంటే ఆ పెంకులకే భయపడేవాళ్లు. 1903లో ఫ్రాన్స్‌లో ఎదువార్ బెనెడిక్టస్ అనే ఆయన ల్యాబ్‌లో ఒక గాజు ఫ్లాస్కు కింద పడింది. పగిలింది గానీ ముక్కలు చెదరలేదు. ఏంటా అని చూస్తే, అందులో ఇంతకు ముందున్న సెల్యులోజ్ నైట్రేట్ ఆరిపోయి లోపల పొరలా అంటుకుని ఉంది. ఆ ఆలోచనతోనే రెండు గాజు పలకల మధ్య పొర పెట్టి 1909లో పేటెంట్ తీసుకున్నారు. మూడు పొరలు కాబట్టి ట్రిప్లెక్స్. అదే లామినేటెడ్ గ్లాస్. మొదటి ప్రపంచ యుద్ధంలో గ్యాస్ మాస్కుల కళ్లద్దాలకి కూడా వాడారు.

రెండో రకం టఫెండ్ గ్లాస్. గాజుని బాగా వేడి చేసి, గాలితో ఒక్కసారిగా చల్లారుస్తారు. పగిలితే జొన్నగింజల్లా చిన్న చిన్న ముక్కలవుతుంది, పెద్దగా కోసుకోదు. కానీ చిక్కేంటంటే, స్పీడులో ఉండగా రాయి తగిలిందనుకోండి, అద్దం మొత్తం ఒక్క క్షణంలో తెల్లగా అయిపోవచ్చు. ముందు ఏముందో కనపడదు. లామినేటెడ్ అయితే తగిలిన చోటే సాలెగూడులా చిట్లుతుంది, మిగతా చోట రోడ్డు కనిపిస్తూనే ఉంటుంది. మన దేశంలో 1989 మోటారు వాహన నియమాలు వాహనాలకి సేఫ్టీ గ్లాసే ఉండాలన్నాయి. తర్వాత వచ్చిన సవరణతో కొత్త బళ్ల ముందు అద్దానికి లామినేటెడ్ తప్పనిసరైంది. మా బండి అంతకు ముందుది.

అంబాసిడర్ అసలు ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ. దాన్నే హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు బెంగాల్లోని ఉత్తరపారాలో 1950ల చివర్నుంచి 2014 దాకా తయారు చేశారు. ఇప్పటి కార్లలో అద్దాన్ని పాలీయూరిథేన్ జిగురుతో బాడీకి అంటిస్తారు. అందులో రబ్బరు బీడింగే పట్టుకుంటుంది. బీడింగ్‌కి రెండు గాళ్లుంటాయి: ఒకదాంట్లో అద్దం, ఇంకోదాంట్లో బాడీ రేకు అంచు. అందుకే మనం చేత్తో తీయగలం.

తీసేటప్పుడు ముందు వైపర్లు విప్పాం. బీడింగ్ మీదున్న మెరిసే పట్టీ లాగేశాం. మా రబ్బరు ఎండి రాయిలా అయిపోయింది. ఎలాగూ కొత్తది వేస్తాం కాబట్టి, బయటి పెదవిని బ్లేడుతో కోసేశాం. అలాంటి రబ్బరుతో బలవంతం చేస్తేనే అద్దం పగిలేది. నేను లోపల కూర్చుని పైమూల నుంచి రెండు అరచేతులతో మెల్లగా నెట్టాను. బయట మా బాబాయి, తమ్ముడు పట్టుకున్నారు. టక్ మని ఊడింది. గుండె ఆగినంత పనైంది గానీ, అద్దం నిండుగా వచ్చింది!

కింద చూస్తే సిలికాన్ వెనకాల రేకు జల్లెడైపోయింది. లోపలికి చేరిన నీళ్లకి బయటికి దారి లేక అక్కడే నిలిచి తినేసింది. తుప్పు గీకి, చిల్లులున్న చోట కొత్త రేకు వెల్డింగ్ చేయించి, రెడాక్సైడ్, పైన పెయింట్ వేశాం.

అప్పుడే అద్దం మూలన తుడిచి చూశాను. టఫెండ్ అని ఉంది. అంచు చూస్తే మధ్యలో పొర గీత లేదు. ఇంత కష్టపడి కాపాడిన అద్దం మళ్లీ పెట్టాలా, వద్దా? రోజంతా తేల్చుకోలేకపోయాను. చివరికి అమ్మే అంది: "నా పేరు ఇంట్లో ఉన్నా నాదేరా. బండికి కొత్తది వెయ్యి."

కొత్త లామినేటెడ్ అద్దం తెచ్చాం. బిగించే పద్ధతి పాతదే, తాడు పద్ధతి. ముందు బీడింగ్‌ని అద్దానికి తొడగాలి. రేకు కూర్చునే గాడిలో చుట్టూ సన్నటి నైలాన్ తాడు పెట్టి, రెండు కొసలూ కింద మధ్యలో జానెడు ఒకదాని మీద ఒకటి వచ్చేలా లోపలికి వదలాలి. సబ్బునీళ్లు పూసి అద్దాన్ని చోట్లో ఆనించాలి. బయట ఒకళ్లు అరచేత్తో నొక్కుతుంటే, లోపల ఒకళ్లు తాడు లాగాలి. తాడు వస్తున్న కొద్దీ రబ్బరు పెదవి రేకు మీదకి ఎక్కి కూర్చుంటుంది. సుత్తి జోలికి మాత్రం వెళ్లొద్దు. మాకు మొదటిసారి ఒక మూల ఎక్కలేదు, మళ్లీ తీసి తాడు పెట్టాం.

తర్వాత పైపుతో పావుగంట నీళ్లు కొట్టాం. లోపల న్యూస్ పేపర్ పరిచాను. ఎక్కడా తడవలేదు.

పాత అద్దం ఇప్పుడు మా హాల్లో గోడకి ఆనించి ఉంది. అమ్మ రోజూ తుడుస్తోంది. మీ ఇంట్లో పాత బండి ఉంటే, ఈరోజే ముందు అద్దం మూలన ఏం రాసుందో చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో బ్రేకుల సంగతి. ఉంటానండి.