డప్పు మోగింది సరే, కొట్టినోడి పేరేది?



పాత సినిమాల సంగీతం మాటొస్తే మనోళ్లు గూడ ఘంటసాల, పెండ్యాల, సాలూరి రాజేశ్వరరావు అని మొదలుపెడ్తరు. అందులో తప్పేం లేదు. మనమూ ఆ పాటలు వింటూ పెరిగినోళ్లమే. కానీ ఆ పాటల్లో పల్లె వినబడ్డ కాడల్లా ఒక ప్రశ్న అడగాలె. ఈ బాణీ ఎవరి వాడ నుంచి పోయింది?

1955లో వచ్చిన ‘రోజులు మారాయి’ తీసుకోండి. పల్లె బాణీ మీద కట్టిన ఏరువాక పాటను కొసరాజు రాసిండు, మాస్టర్ వేణు సంగీతం కూర్చిండు, జిక్కి పాడింది, వహీదా రెహమాన్ ఆడింది. ఆ ఆటతోనే వహీదా గురుదత్ కంట్లో పడి బొంబాయి పోయింది. బాణీ గూడ ఆమె వెనకనే పోయింది. ఎస్.డి. బర్మన్ 1960లో ‘బంబయ్ కా బాబూ’లో దాన్ని హిందీ పాట చేసిండు. రాసినాయనకు, కూర్చినాయనకు, పాడినామెకు, ఆడినామెకు పేరొచ్చింది. ఏరువాక పున్నమ నాడు నాగలి మేడి పట్టి ఆ తీరు పాటలు పాడుకున్న జీతగాళ్లకు, నాట్లేసే ఆడోళ్లకు ఏమొచ్చింది?

తెలుగు ఎం.ఏ.లో జానపద గేయానికి లక్షణాలు చెప్పేటప్పుడు ‘అజ్ఞాత కర్తృకం’ అనే మాట మొదట్లోనే వస్తది. కర్త ఎవరో తెలవదని అర్థం. నేను గూడ పిల్లలకు చెప్పే పాఠమే అది. కానీ ఎవరికి తెలవదు? కట్టినామె వాడకు తెలుసు, పక్కన నాటేసినామెకు తెలుసు. కాయితం, కలం పట్టుకొని వచ్చినోళ్లు పాట అడిగిండ్రు గానీ, చాలాసార్లు పేరు అడగలే. అడగనిదాన్ని తెలవనిది అని రాసుకున్నరు.

డప్పు కథ గూడ ఇంతే. చింత కట్టె చట్రానికి మేక తోలు బిగించి, మంట కాడ కాపి, చిర్ర, చిటికెన పుల్లతో మాదిగోళ్లు కొట్టే వాద్యం అది. చావుకు, పెండ్లికి, బోనానికి, ఊరి చాటింపుకు అదే కావాలె. కొట్టినాయన మాత్రం గడప బయటనే నిలబడాలె. సినిమాలో గూడ జాతర సీను, తిరుగుబాటు సీను వస్తే డప్పు మోగుతది. టైటిల్స్‌లో సంగీత దర్శకుడి పేరుంటది, గాయకుల పేర్లుంటయి. వాయించినోళ్ల పేర్లు సాధారణంగా ఉండవు. ఊళ్లో గడప ఎట్లనో, తెర మీద టైటిల్ కార్డు అట్ల.

ఈ గడపను గట్టిగ తన్నిన సినిమా ‘మా భూమి’. కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారంగా గౌతమ్ ఘోష్ తీసిండు. బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలు. 1980 మార్చిలో విడుదలైంది. సంగీతం వింజమూరి సీత. పల్లె పాటలు సేకరించి పాడిన వింజమూరి అక్కచెల్లెళ్లలో ఒకరు ఆమె. పసులు గాసే జీతపిల్లగాని మీద సుద్దాల హనుమంతు కట్టిన పాటను సంధ్య పాడింది. ‘బండెనక బండి’ పాటకైతే వేరే నటుడు పెదవులు కదిలించలే. గొంగడి భుజానేసుకొని గద్దరే తెర మీదికొచ్చి పాడిండు. తూప్రాన్‌లో దళిత కుటుంబంలో పుట్టిన గుమ్మడి విఠల్ రావు గొంతూ, ఒళ్లూ, పేరూ మూడూ ఒక్కసారే తెర మీద కనబడ్డయి. ఆ సినిమా సంగీతం ఇయ్యాల్టికీ చెవుల్లో ఉండడానికి కారణం ఆర్కెస్ట్రా గొప్పతనం కాదు. పాటను దాని మనిషి నుంచి విడదీయకపోవడమే.

ఇక్కడ మన దిక్కు గూడ చూసుకోవాలె. ఆ పాట గద్దర్‌దే అనుకునేటోళ్లు మనలో ఇంకా చానమంది ఉన్నరు. దాన్ని కట్టింది తెలంగాణ సాయుధ పోరాటంల పాల్గొన్న బండి యాదగిరి. మనమే పేరు మర్చిపోతే రేపు అదీ ‘అజ్ఞాత కర్తృకం’ లెక్కనే మిగులుతది.

ఖానాపూర్ నుంచి కడెం, జన్నారం దాటి లక్షెట్టిపేట దిక్కు పోతుంటే దండేపల్లి తగులుతది. ఆ మండలంల లింగాపూర్‌లో 1955లో పుట్టిండు గూడ అంజయ్య. ‘ఊరు మనదిరా’ రాసిన దళిత కవి. సభల్లో, ఊరేగింపుల్లో పాడిండ్రు, సినిమాలకూ ఆయన రాసిండు. 2016 జూన్‌లో పోయిండు. ఆ రోడ్డు మీద రోజూ బస్సుల్లో తిరిగే మన పిల్లల్లో ఎంతమందికి ఆ ఊరు ఆయనదని తెలుసు?

‘ఒరేయ్ రిక్షా’ (1995) పాటకు నంది అవార్డు ఇస్తే గద్దర్ వద్దన్నడు. ఆయన 2023 ఆగస్టు 6న కన్నుమూసిండు. ఇయ్యాల తెలంగాణ ప్రభుత్వం నంది స్థానంలో గద్దర్ పేరు మీదనే సినిమా అవార్డులు ఇస్తున్నది. 2025 జూన్‌లో మొదటిసారి ఇచ్చింది. సంతోషమే. అయితే ఆ పేరుకు ఒక బాధ్యత ఉన్నది. గద్దర్ పేరున్న అవార్డుకు వచ్చే ప్రతి సినిమాను అడగాలె: నీ పాటల డప్పు కొట్టిందెవరు, ఈ బాణీ ఎవరి కాడ నేర్చుకున్నవు, వాళ్ల పేర్లు టైటిల్స్‌లో వేసినవా, కూలి ఎంతిచ్చినవు? ‘జానపదం’ అని రాసి చేతులు దులుపుకుంటే ఒప్పుకోవద్దు.

మనం గూడ ఒక పని చెయ్యాలె. మీ వాడలో పాట కట్టే అవ్వ ఉంటే, డప్పు కొట్టే తాత ఉంటే, ఫోన్‌లో రికార్డు చేసే ముందు పేరు, ఊరు చెప్పించుకోండి. పాట తర్వాత.

వచ్చే భాగంలో ఇళయరాజా గురించి మాట్లాడుకుందాం.