అడంగలు నుంచి లన్ దాకా

మా కోసిగి పొలాల లెక్కలకు రెండు వందల ఏళ్లు దాటాయి. 1800లో నిజాం దత్తమండలాలను కుంపిణీకి వదిలేశాక, 1807 దాకా థామస్ మన్రో ఇక్కడ కలెక్టరు. రైతువారీ కొలతలు ఆయన వేయించినవే. 1953లో మా ఆదోని తాలూకా బళ్లారిని విడిచి కర్నూలు జిల్లాలో కలిసింది. జిల్లా మారినా ఊరి లెక్క రాసేది మాత్రం కరణమే. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ పదవులు రద్దు చేసేదాకా, పొలాల వివరాలుండే అడంగలు చూడాలంటే కరణం ఇంటి అరుగెక్కాల్సిందే. ఒక్కడి చేతిలో ఉన్న లెక్క చెదలకూ లొంగుతుంది, దురాశకూ లొంగుతుంది. పేదరైతుకు ఆ భయం ఎంత పెద్దదో మా తాతల తరానికి బాగా తెలుసు.

2015లో మీభూమి వెబ్‌సైటు వచ్చాక అదే అడంగలు ఫోన్లో కనిపిస్తోంది. ఇలా కంటికి కనిపించని చోట దాచిన లెక్కల్ని దూరం నుంచి కాపాడటమే నా ఉద్యోగం. స్టోరేజీ అడ్మిన్ అంటారు.

ఇలా లెక్కలు దాచే డిస్కు యంత్రంగా 1956లో ఐబీఎం తెచ్చిన రామాక్‌లో 24 అంగుళాల పళ్లేలు 50. అన్నీ కలిపి పట్టింది 50 లక్షల అక్షరాలే. అది పాడైతే మనిషి పక్కనుండి బాగుచేయాలి. నా లెక్కన దూరం నుంచి చూసే పనికి దారి తెరిచింది 1988. ఆ ఏడాది బర్కిలీకి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రెయిడ్ మీద, అంటే చాలా డిస్కులను కలిపి ఒక్కటిగా వాడే పద్ధతి మీద, పత్రం ప్రచురించారు. మూడు డిస్కుల్లో వరసగా 1, 0, 1 ఉన్నాయనుకోండి. ఒకట్లు సరిసంఖ్యలో ఉండేట్టు నాలుగోదాంట్లో 0 రాస్తారు. దీన్నే ప్యారిటీ అంటారు. రెండో డిస్కు పోతే మిగిలినవి 1, 1, 0. ఒకట్లు ఇప్పటికే సరి, కాబట్టి పోయింది 0. ఖాళీగా కాచుకుని ఉన్న హాట్ స్పేర్ డిస్కు మీద ఆ లెక్కంతా దానంతటదే తిరిగి కట్టుకుంటుంది. మనిషి అర్ధరాత్రి పరిగెత్తే అవసరం తప్పింది.

డిస్కులన్నీ కలిస్తే పూల్. అందులోంచి సర్వే నంబరు విడగొట్టినట్టు విడగొట్టి ఇచ్చే ముక్క లన్. దాన్ని ఏ సర్వరుకు చూపాలో మ్యాపింగు చెబుతుంది. మ్యాపింగు తీసేస్తే లన్ కనబడదు, అంతే. డిలీట్ కొడితే లెక్కే పోతుంది. కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట నేర్పేది ఈ తేడానే.

1994లో ఈఎంసీ కంపెనీ తెచ్చిన ఎస్ఆర్‌డీఎఫ్‌తో ఒక ఊరి లెక్క ఇంకో ఊళ్లోనూ పడటం మొదలైంది. ఫైబరులో వెలుగు వంద కిలోమీటర్లు పోయి రావడానికి ఒక మిల్లీసెకను. దగ్గరైతే రెండుచోట్లా రాశాకే సరే అంటుంది, దాన్ని సింక్రనస్ అంటారు. దూరమైతే ఇక్కడ రాసి, కాస్త ఆగి అక్కడికి పంపుతుంది.

ఇంత వచ్చినా చెడిన డిస్కు పీకడానికి అక్కడ ఒక చెయ్యి కావాలి. లొకేట్ కమాండ్ ఇస్తే ఆ డిస్కు లైటు మిణుకుతుంది. అక్కడున్న కుర్రాణ్ని ఫోన్లో అడుగుతాను.

"ఏది వెలుగుతాంది తమ్మీ?"

"ఏడోదన్నా."

"సీరియల్ నంబరు చదువు."

చదివేదాకా పీకనివ్వను. రెయిడ్ 5లో ఒకటి పోయి ఉండగా బాగున్నదాన్ని లాగితే అంతా పోయినట్టే. ఇప్పటి పెద్ద డిస్కులు తిరిగి కట్టుకోవడానికి ఒక్కోసారి రోజు పైనే పడుతుంది. అందుకే ఏ రెండు పోయినా నిలబడే రెయిడ్ 6నే నేను అడిగి పెట్టిస్తున్నాను.