ఊరెళ్లినప్పుడు సినిమా: కడపలో ఒక రేటు, ప్రొద్దుటూరులో మరో రేటు ఎందుకు? మంచి సీటు ఎలా చూసుకోవాలి?

పండక్కి ఖాజీపేట వెళ్లారు. ఇంటి నిండా చుట్టాలు, థియేటర్లలో కొత్త సినిమా. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అయితే ఎప్పుడూ వెళ్లే థియేటర్, ఎప్పుడూ కూర్చునే వరుస ఉంటాయి. ఇక్కడ ఏ ఊళ్లో చూడాలన్న దగ్గరే ప్రశ్న మొదలవుతుంది. దక్షిణంగా వెళితే కడప, ఉత్తరంగా వెళితే మైదుకూరు. మైదుకూరు నుంచి పడమటికి తిరిగితే ప్రొద్దుటూరు. సినిమా ఒకటే అయినా టికెట్ ధర మాత్రం ఒకటి కాదు.

ముందుగా ఒక చిన్న జాగ్రత్త. యాప్‌లో ఊరి పేరు కొట్టేటప్పుడు రెండుసార్లు చూసుకోండి. కడప జిల్లా ఖాజీపేట వేరు, వరంగల్ పక్కనున్న రైల్వే జంక్షన్ కాజీపేట వేరు. ఇంగ్లిష్‌లో రెండు పేర్లూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. రాష్ట్రం మారితే ధరల నిబంధనలు కూడా మారిపోతాయి. అందుకే ఖాజీపేట అని కాకుండా నేరుగా కడప, ప్రొద్దుటూరు అని వెతకడం మేలు. డబ్బు కట్టే ముందు థియేటర్ చిరునామా చదవండి.

ధర ఎవరు నిర్ణయిస్తారు?

ఆంధ్రప్రదేశ్‌లో థియేటర్ యజమాని తనకు నచ్చిన రేటు పెట్టడానికి లేదు. 2021 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 35 గ్రామ పంచాయతీల్లోని నాన్ ఏసీ థియేటర్లలో అతి తక్కువ టికెట్‌ను 5 రూపాయలుగా పెట్టింది. టీ కూడా రాని ఆ రేటుకు నడపలేమని యజమానులు గోల పెట్టారు, వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. తర్వాత 2022 మార్చి 7న జీవో 13 వచ్చింది. అది ధరను మూడు విషయాలకు ముడిపెట్టింది. థియేటర్ ఏ స్థానిక సంస్థ పరిధిలో ఉంది, అది ఏ రకం థియేటర్, మీ సీటు ప్రీమియమా నాన్ ప్రీమియమా అన్నవే ఆ మూడూ.

కడప నగరపాలక సంస్థ. ప్రొద్దుటూరు, మైదుకూరు, పులివెందుల మున్సిపాలిటీలు. కమలాపురం నగర పంచాయతీ. జీవో 13 ప్రకారం ఏసీ థియేటర్‌లో నాన్ ప్రీమియం, ప్రీమియం సీట్ల ధరలు కార్పొరేషన్‌లో 70, 100 రూపాయలు. మున్సిపాలిటీలో 60, 80. నగర పంచాయతీ, గ్రామ పంచాయతీల్లో 50, 70. ఏసీ లేకపోతే ఇదే వరుసలో 40, 60, 30, 50, 20, 40. జీవో ‘స్పెషల్’ అని విడదీసిన థియేటర్లకు 100, 125, 80, 100, 70, 90. మల్టీప్లెక్స్‌లో మామూలు సీటు 150, 125, 100. రిక్లైనర్ మాత్రం ఎక్కడైనా 250.

వీటిపై జీఎస్టీ అదనం. అసలు తేడా వచ్చేది ఇక్కడే. 2025 సెప్టెంబరు 22 నుంచి 100 రూపాయల వరకు ఉన్న టికెట్‌పై జీఎస్టీ 5 శాతం. వంద దాటితే 18 శాతం. స్పెషల్ థియేటర్‌లో ప్రీమియం సీటు తీసుకున్నారనుకుందాం. ప్రొద్దుటూరులో 100కు 5 శాతం కలిపి 105. కడపలో 125కు 18 శాతం కలిపి 147.50. మూల ధరలో తేడా 25 రూపాయలే అయినా చేతి నుంచి పోయేది 42.50. నలుగురికి 170. అలాగని ఆ 170 కోసం ప్రొద్దుటూరు దాకా ఆటో మాట్లాడుకుని వెళితే మిగిలేదేమీ ఉండదు. దారి ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

జీవోలో చాలామంది గమనించని షరతు మరొకటి ఉంది. ప్రతి థియేటర్‌లో కనీసం 25 శాతం సీట్లు నాన్ ప్రీమియంగా ఉంచాలి. ‘అన్నీ ఒకటే రేటు సార్’ అని కౌంటర్‌లో అంటే, నాన్ ప్రీమియం ఏ వరుసలో అని అడిగే హక్కు మీకుంది.

పెద్ద సినిమా మొదటి వారం

పై ధరలు పెద్ద సినిమాల విడుదల రోజుల్లో పనిచేయవు. భారీ బడ్జెట్ చిత్రాలకు ప్రభుత్వం విడిగా మెమో ఇచ్చి పెంపునకు అనుమతిస్తుంది. 2024 జూన్‌లో ‘కల్కి 2898 ఏడీ’కి సింగిల్ స్క్రీన్లలో 75, మల్టీప్లెక్సుల్లో 125 రూపాయల దాకా పెంచుకోనిచ్చారు. అదే ఏడాది డిసెంబరులో ‘పుష్ప 2’ ముందు రోజు ప్రీమియర్ టికెట్ 800 రూపాయలు, జీఎస్టీ అదనం. 2025 సంక్రాంతి సినిమాలకు 14 రోజుల పెంపు ఇస్తే, 10 రోజులకే పరిమితం చేయాలని హైకోర్టు చెప్పింది.

అంటే పండగ సెలవు మూడు రోజులే ఉన్నవారు పెంచిన ధరకు సిద్ధపడక తప్పదు. మరో వారం ఉండేవాళ్లైతే ఆగడమే లాభం. పదో రోజు దాటితే ధరా తగ్గుతుంది, నచ్చిన సీటూ దొరుకుతుంది. సినిమా అప్పటిదాకా ఆడితేనే అనుకోండి, అది వేరే సంగతి.

యాప్‌లోనా, కౌంటర్‌లోనా?

టికెట్లను ప్రభుత్వ పోర్టల్ ద్వారానే అమ్మాలన్న ప్రయత్నం 2022లో హైకోర్టు స్టేతో ఆగింది. కాబట్టి ఇప్పుడు ఆన్‌లైన్ అంటే ప్రైవేటు యాప్‌లే. అవి టికెట్‌కు ఇంతని కన్వీనియన్స్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తాయి. ఆరుగురికి బుక్ చేస్తే ఆ ఫీజు ఆరుసార్లు పడుతుంది. తక్కువ ధర టికెట్ల మీద ఈ భారం మరీ ఎక్కువగా కనిపిస్తుంది.

చిన్న పట్టణాల్లో కొన్ని థియేటర్లు సీట్లన్నిటినీ యాప్‌లో పెట్టవు, కొన్ని కౌంటర్‌కు ఉంచుకుంటాయి. యాప్‌లో నిండినట్టు చూపించినా, దగ్గర్లో ఉంటే ఒకసారి వెళ్లి అడగొచ్చు. మామూలు రోజుల్లో కౌంటరే నయం. మొదటి మూడు రోజులు, ఆదివారం ఫస్ట్ షో అయితే మాత్రం ఫీజు పోయినా యాప్‌లోనే తీసుకోండి. అందరినీ వెంటేసుకుని వెళ్లి గేటు దగ్గర బ్లాక్‌లో కొనడం కన్నా అది చౌక.

ఏ సీటు మంచిది?

సీట్ల పటం తెరవగానే అక్షరాలు చూడకండి, తెర ఎటుందో చూడండి. కొన్ని థియేటర్లలో ‘ఏ’ వరుస తెర ముందు ఉంటుంది, కొన్నింటిలో అన్నిటికన్నా వెనక. నగరంలో అలవాటైన అక్షరాన్ని నమ్ముకుంటే పక్క ఊళ్లో మెడ నొప్పి తప్పదు.

దూరానికి ఒక లెక్క ఉంది. తెర రెండు అంచుల నుంచి మీ కంటి దాకా గీతలు గీస్తే, మధ్య కోణం 30 నుంచి 40 డిగ్రీలు ఉండే చోటు హాయిగా ఉంటుందని సినిమా ప్రదర్శన ప్రమాణాలు చెబుతాయి. 40 అడుగుల వెడల్పు తెరకు అది 55 నుంచి 75 అడుగుల దూరం. టేపు పట్టుకుని వెళ్లలేం కనుక, తెర వెడల్పుకు ఒకటిన్నర రెట్లు వెనక్కి అని గుర్తుపెట్టుకుంటే చాలు. మామూలు హాలులో ఇది మధ్య వరుసలు దాటి కాస్త వెనక పడుతుంది. అడ్డంగా చూస్తే నడిమి సీట్లే మేలు. మూలన కూర్చుంటే పక్క గోడ స్పీకరు ఒక్కటే చెవిలో మోగుతుంది.

పాత సింగిల్ స్క్రీన్‌కు మాత్రం వేరే తెలివి కావాలి. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ అని తరగతులుగా కట్టిన హాళ్లు కొన్ని ఇప్పటికీ సీట్లు మార్చి నడుస్తున్నాయి. కింది అంతస్తులో చివరి వరుసలు బాల్కనీ కప్పు కిందికి వస్తాయి. అక్కడ పైనుంచి వచ్చే ధ్వని సరిగా అందదు. కింద కూర్చోవాలనుకుంటే ఆ కప్పు అంచుకు ముందున్న వరుసలు తీసుకోండి. బాల్కనీలో మొదటి వరుస చూడటానికి రాజసంగా ఉంటుంది గానీ, ముందున్న పిట్టగోడో ఇనుప కమ్మీయో పిల్లలకు తెర కింది భాగాన్ని మింగేస్తుంది. మూడో వరుస నడిమి సీట్లకే నా ఓటు.

పెద్దవాళ్లు ఉంటే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి. బాల్కనీకి లిఫ్ట్ ఉండదు, మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న అవ్వకు నడవ పక్క సీటు, బాత్రూంకు దగ్గరి తలుపు ముఖ్యం. అయితే తలుపుకు ఆనుకున్న సీటు వద్దు, ఎవరు లోపలికొచ్చినా వెలుతురు కంట్లో పడుతుంది. ఎయిర్ కూలర్ల హాలైతే గోడకు మరీ దగ్గరగా కూర్చోకండి, మాటలు వినపడవు.

పిల్లలతో వెళితే సర్టిఫికెట్ చూడండి. ‘ఏ’ సినిమాకు 18 ఏళ్ల లోపు వారిని పంపకూడదు. బయటి తినుబండారాలను థియేటర్ ఆపవచ్చని సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది. అయితే తాగునీరు ఉచితంగా ఇవ్వాలని, పసిపిల్లలకు తల్లిదండ్రులు తెచ్చుకునే ఆహారాన్ని అడ్డుకోకూడదని కూడా అదే తీర్పులో ఉంది.

తేడా వస్తే

టికెట్ మీద మూల ధర, పన్ను, మొత్తం విడివిడిగా ఉన్నాయేమో చూడండి. ఉన్నదానికన్నా ఎక్కువ అడిగితే టికెట్, చెల్లింపు స్క్రీన్‌షాట్, కౌంటర్ దగ్గరి ధరల బోర్డు ఫొటో దాచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. స్థానికంగా అయితే రెవెన్యూ అధికారులకు రాతపూర్వకంగా ఇవ్వండి. టికెట్ రద్దు సదుపాయం థియేటర్‌ను బట్టి ఉంటుంది. డబ్బు కట్టకముందే ఆ నిబంధన చదవాలి, తర్వాత చదివితే లాభం లేదు.

ఇక షో సమయం. రాత్రి 9.30కి సెకండ్ షో మొదలైతే, మూడు గంటల సినిమా, ఇంటర్వెల్, ప్రకటనలు కలిపి బయటికొచ్చేసరికి ఒంటిగంట కావస్తుంది. సొంత బండి లేనివాళ్లు ఖాజీపేట వైపు ఆ వేళకు బస్సు ఉందో లేదో బస్టాండులో అడిగాకే టికెట్ తీసుకోండి. గండికోట చూసి సాయంత్రం జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరు చేరేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. వాళ్లు కోటకు పొద్దున్నే వెళ్లి, ఫస్ట్ షో పట్టుకోవడం సుఖం.