ఆఫీసు గడప దాటిన ఈ-మెయిల్, దారిలో మన తెలుగక్షరం



మన పావగడ తాలూకాలో చాలా ఇళ్ళలో తెలుగే మాటలాడుతారు. బడిలోను, కచేరీలోను కన్నడం. అందుచేత రెండు భాషలకూ చెందిన కొన్ని మాటలు మనకు రెండు విధాల అర్థమవుతాయి. అటువంటి మాట ‘అంచె’. కన్నడంలో అంచె అంటే తపాలా. తెలుగులో అంచె అంటే ఒక మజిలీ నుండి మరొక మజిలీకి చేతులు మారుతూ సాగే ప్రయాణం. మైసూరు సంస్థానానికి చాలాకాలం సొంత అంచె ఉండేది. 1889లో అది బ్రిటిషువారి తపాలా శాఖలో కలిసిపోయింది. అంతవరకు పావగడ మైసూరు అంచె కిందిది. మన చుట్టూ ఉన్న మడకశిర, పెనుకొండ ప్రాంతాలు మద్రాసు రాజధానిలోనివి. రెండు తపాలాలు పక్కపక్కన ఉన్నప్పుడు ఒకదాని సంచి మరొకదాని చేతికి అందే చోటు ఒకటి ఉండక తప్పదు. ఆ చోట రెండింటి నియమాలూ తెలిసినవాడు కూర్చోవాలి.

సరిగ్గా ఇదే అవసరం నూరేళ్ళ తరువాత కంప్యూటర్లకు కలిగింది. ఆ చరిత్రను ఈనాడు మీ ముందుంచుతున్నాను. అందులో మన తెలుగక్షరం పడిన పాట్లు ఉన్నాయి గనుక అది మన పాఠమే అని నా మనవి.

ఎనభైలలో పెద్ద ఆఫీసులలోని కంప్యూటర్లను తీగలతో ఒకదానికొకటి కలిపారు. వాటిలో ఒకటి అందరి దస్తావేజులూ దాచే పెద్ద కంప్యూటరు. సీసీ మెయిల్, మైక్రోసాఫ్ట్ మెయిల్ వంటి వ్యవస్థలలో ఆ పెద్ద కంప్యూటరులోని ఒక అరయే తపాలా కచేరి. రాసినవారి జాబు ఆ అరలో పడేది. చదువవలసినవారు అక్కడినుండే తీసుకొని చదువుకొనేవారు. పేరు రాస్తే చాలు, ఊరు అక్కరలేదు. ఒకే ఇంట్లో వంటగది నుండి పంచకు కబురు పంపినట్లు ఉండేది. అయితే ఆ కబురు గడప దాటేది కాదు.

గడప ఆవల మరొక లోకం అప్పటికే పెరుగుతూ ఉండినది. 1971లో రే టామ్లిన్సన్ అమెరికాలో ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు జాబు పంపుతూ, మనిషి పేరును, యంత్రం పేరును విడదీయడానికి ‘ఎట్’ గుర్తును ఎన్నుకొన్నాడు. 1979లో యూనిక్స్‌తో పాటు వెలువడిన యూయూసీపీ పద్ధతిలో యంత్రాలు టెలిఫోను ద్వారా ఒకదాన్నొకటి పిలిచి, పోగుపడిన జాబుల మూటను అందించుకొనేవి. అంటే అచ్చంగా అంచెల పద్ధతే. 1982లో ఎస్‌ఎమ్‌టీపీ అనే ప్రమాణం ఏర్పడింది; నేటికీ ఈ-మెయిల్ నడిచేది దాని మీదనే.

మన దేశంలో 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో ఎర్నెట్‌ను ప్రారంభించింది. ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, బొంబాయిలోని జాతీయ సాఫ్ట్‌వేర్ సాంకేతిక కేంద్రం అందులో తొలి భాగస్వాములు. 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ సామాన్యులకు కూడా ఇంటర్నెట్టును తెరిచింది. ఆఫీసు జాబు బయటికి పోవడానికి దారి ఏర్పడింది, కావలసింది వాకిలి.

ఆ వాకిలినే ‘గేట్‌వే’ అన్నారు. ఒక కంప్యూటరును, దానికి ఒక మోడెమ్‌ను ఈ పనికే కేటాయించేవారు. అది నిర్ణీత వేళలకు ఫోను చేసి, లోపలి జాబులను బయట అప్పగించి, బయటివాటిని లోనికి తెచ్చేది. దాని పనులు మూడు. మొదటిది వేళ పాటించడం. రెండవది చిరునామా మార్చడం: లోపల ఉత్త పేరు, బయట పేరు, ఎట్ గుర్తు, స్థానం. మూడవది అక్షరాలను అటునుండి ఇటు దాటించడం. మొదటి రెండూ సులువుగానే కుదిరాయి. మన కథ మూడవదానిలో ఉన్నది.

కంప్యూటరుకు అక్షరం తెలియదు, అంకె మాత్రమే తెలుసును. ఇంగ్లీషు అక్షరాలకు ఆస్కీ అనే పట్టికలో 0 నుండి 127 వరకు అంకెలిచ్చారు. 1982 నాటి ప్రమాణం ఆ 128 గళ్ళనే అంగీకరించింది. భారతీయ లిపులకు మన దేశం రూపొందించిన ఇస్కీ ప్రమాణం (1991) 128కి పైనున్న గళ్ళలో మన అక్షరాలను కూర్చింది. అందులో తెలుగు ‘అ’కు, కన్నడ ‘అ’కు అంకె ఒకటే, 164. లిపి ఏదో వేరుగా చెప్పాలి. పావగడవాసులకు ముచ్చట గొలిపే ఏర్పాటు కదా!

కానీ ఈ పై గళ్ళ అంకెలు వాకిలి దగ్గరకు వచ్చేసరికి, పాత నియమం మాత్రమే తెలిసిన యంత్రం ప్రతి అంకెలోనుండి 128 కోసివేసేది. ‘అమ్మ’ అని రాసి చూడండి: అ, మ, పొల్లు, మ. ఇస్కీలో 164, 204, 232, 204. 128 తీసివేస్తే 36, 76, 104, 76. ఆస్కీ పట్టికలో అవి డాలరు గుర్తు, పెద్ద ఎల్, చిన్న హెచ్, మళ్ళీ పెద్ద ఎల్. పంపింది అమ్మను, చేరింది డాలరు గుర్తు! తరగతిలో ఈ లెక్కను పిల్లల చేత చేయించండి. తీసివేతా వస్తుంది, చరిత్రా వస్తుంది.

వాకిలి తెలుగును రానీయనప్పుడు మనవారు ఊరకుండలేదు. తొంభైల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గారలు తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో ఒక క్రమం ప్రకారం రాసే పద్ధతిని, దానిని మరల తెలుగు లిపిలోకి మార్చే సాధనాన్ని తయారుచేశారు. దానికే ఆర్‌టీఎస్ అని పేరు. తెలుగు మారువేషం వేసుకొని గడప దాటింది. అది ఆపద్ధర్మం, గొప్ప ఉపకారం. అవతల వేషం తీసివేసే ఏర్పాటును కూడా వారే చేశారన్నది మరువరాదు.

1992లో వచ్చిన మైమ్ ప్రమాణం ఈ వేషధారణను యంత్రానికే అప్పగించింది. యూనికోడ్‌లో తెలుగుకు, కన్నడానికి పక్కపక్కనే చెరి 128 గళ్ళు దక్కాయి. ఒకప్పుడు ఒకే అంకెలో ఉన్నవారు ఇరుగుపొరుగు ఇళ్ళవారయ్యారు. నేడు తెలుగు ‘అ’ యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు. బేస్-64 పద్ధతిలో పోతే అది నాలుగు ఆస్కీ గుర్తులుగా మారుతుంది: 4, ఎల్, సి, ఎఫ్. చేరినచోట యంత్రమే విప్పి మరల ‘అ’ చేస్తుంది. రాసినవారికి, చదివినవారికి ఆ వేషం కనబడదు.

ఫాంటుల వలన కలిగిన చిక్కు మాత్రం మరికొంతకాలం నిలిచింది. ఒకసారి నాకు ఒక మిత్రుడు ఈ-మెయిల్‌లో పంపిన తెలుగు ప్రశ్నపత్రాన్ని తెరిస్తే, పేజీ నిండా అర్థంలేని ఇంగ్లీషు గుర్తులే. వారి ఫాంటు నా కంప్యూటరులో లేదు. పరీక్ష మరునాడు. రాత్రి ఫోనులో ప్రశ్నలు చెప్పించుకొని చేతితో రాసుకొన్నాను. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే యూనికోడు తెలుగు ఫాంటు చేరింది. లేఖిని వంటి ఉపకరణాలు తరువాత వచ్చాయి. 2012 నాటి ప్రమాణాలు చిరునామాను సైతం తెలుగులో రాయడానికి అనుమతించాయి.

ఇక అసలు మాట. వాకిలి తెరుచుకొని ఎన్నో ఏళ్ళయింది. మన చేతులు మాత్రం ఇంకా వేషం విప్పలేదు. తల్లి బిడ్డకు పంపే సందేశం తెలుగే, అక్షరాలు మాత్రం ఇంగ్లీషువి. ఆనాటివారు దారి లేక అట్లు రాశారు. మనం దారి ఉండి రాస్తున్నాము. బడిలో తెలుగు అక్షరం చూడని మన తాలూకా బిడ్డకు, ఇంటినుండి వచ్చే సందేశమే ఆ అక్షరం కనిపించే చోటు కావచ్చును. అక్కడ కూడా కనబడకపోతే ఇక ఎక్కడ చూస్తాడు?

ఉపాధ్యాయులారా, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో తెలుగు, కన్నడ అక్షరాల అమరిక ఒకటే. ఒకటి నేర్పితే రెండూ వస్తాయి. తల్లిదండ్రులారా, ఈ వారం మీ బిడ్డకు ఒక్క వాక్యం తెలుగు లిపిలో పంపండి. వాడి చేత అవ్వకు ఒక్క వాక్యం రాయించండి. వేషం వేయడం యంత్రం పని. మన పిల్లలు తమ సొంత ముఖంతోనే గడప దాటాలి.