మూత్రనాళ రాళ్లకు కంపన చికిత్స

కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే దారిలో ఉన్న చిన్న రాళ్లను, లేదా పెద్ద రాయిని పగలగొట్టాక మిగిలిన ముక్కలను, శరీరం బయటి నుంచి కంపనం ఇచ్చి మూత్రంతో పాటు బయటికి పోయేలా చేసే పద్ధతే కంపన చికిత్స. దీనికి కోత గానీ మత్తు గానీ అక్కర్లేదు. కంపనం రాయిని పగలగొట్టదు, కదలగల రాయిని కదిలిస్తుంది, అంతే. అందుకే వైద్యులు దీన్ని అనుబంధ చికిత్సగానే లెక్కిస్తారు. వేడి, చెమట, యంత్రాల కుదుపు కలిసి ఉండే రామగుండం, గోదావరిఖని వంటి బొగ్గు గనుల ప్రాంతాల్లో పగలగొట్టడానికీ కదిలించడానికీ ఉన్న ఈ తేడా తెలిసి ఉండటం అవసరం.

రాయి ఆగే చోట్లు

పెద్దవారిలో మూత్రనాళం పొడవు 25–30 సెం.మీ., లోపలి వెడల్పు 3–4 మి.మీ. అది మూడు చోట్ల మరింత ఇరుకవుతుంది: కిడ్నీ దగ్గర మొదలయ్యే చోట, కటి భాగంలో పెద్ద రక్తనాళాలను దాటే చోట, మూత్రాశయంలోకి ప్రవేశించే చోట. రాళ్లు ఎక్కువగా ఇక్కడే ఇరుక్కుంటాయి. అప్పుడు పైన మూత్రం నిలిచి ఒత్తిడి పెరుగుతుంది; నడుము పక్క నుంచి గజ్జల దాకా పాకే తీవ్రమైన నొప్పి వస్తుంది.

అమెరికా, యూరప్ యూరాలజీ సంఘాలు కలిసి 2007లో ఇచ్చిన అంచనా ప్రకారం, 5 మి.మీ. లోపు రాళ్లలో దాదాపు 68 శాతం, 5–10 మి.మీ. రాళ్లలో దాదాపు 47 శాతం వాటంతటవే పడిపోతాయి. కాబట్టి ఏ చికిత్స తీసుకున్నాక రాయి పడిపోయినా, ఆ ఘనత చికిత్సదేనని వెంటనే చెప్పలేం. కంపన యంత్రానికైనా, ఇళ్లలో వాడే కొండపిండి ఆకుకైనా, ఉలవ కషాయానికైనా ఇదే పరీక్ష వర్తిస్తుంది.

పనిచేసే తీరు

ఈ పద్ధతికి పూర్వరూపం చాలా సాదా. రాయిని పగలగొట్టే షాక్‌వేవ్ చికిత్స తర్వాత రోగికి బాగా నీళ్లు తాగించి, మూత్రం పెరిగే మందు ఇచ్చి, తల కిందికి వాలేలా పడుకోబెట్టి, నడుము మీద చేత్తో గానీ యంత్రంతో గానీ తట్టేవారు. కిడ్నీ కింది అరలో చిక్కిన ముక్కలు బయటి దారి పట్టాలన్నది ఉద్దేశం.

2010 దశకంలో చైనా ఆసుపత్రులు ఇదే ఆలోచనను యంత్రంగా మార్చి వాడకంలోకి తెచ్చాయి. రోగి ముందుగా నీళ్లు తాగి, కావలసిన వైపు వాల్చగల మంచం మీద పడుకుంటాడు. అల్ట్రాసౌండ్‌లో రాయి ఉన్న చోటు చూసి నడుము మీద కంపనం ఇస్తారు. రాయి కిడ్నీ కింది అరలో ఉంటే తల వైపు దించుతారు. మూత్రనాళంలోకి దిగి ఉంటే తల వైపు ఎత్తుతారు.

ఆధారాలు

మనిషి కిడ్నీ రాయిని షాక్‌వేవ్‌తో మొదటిసారి పగలగొట్టింది 1980లో, జర్మనీలోని మ్యూనిక్ నగరంలో. రాయి పగిలాక ముక్కలు లోపలే ఉండిపోవడం అప్పటి నుంచీ ఉన్న సమస్య. తట్టడం, వాల్చడం పద్ధతిపై 2013లో వచ్చిన, అధ్యయనాలను కలిపి పరిశీలించే కాక్రేన్ సమీక్ష అది సురక్షితంగా, ఉపయోగకరంగా కనిపిస్తోందని చెబుతూనే, ఆధారాలు పరిమితమని పేర్కొంది. యంత్ర కంపనంతో ముక్కలు త్వరగా పడుతున్నాయని తర్వాతి చైనా అధ్యయనాలు చూపాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం రాయిని పగలగొట్టాక చేసినవే. నాళంలో గట్టిగా బిగుసుకున్న రాయికి అవే ఫలితాలను అన్వయించలేం.

కుదుపుకు రాళ్లు కదులుతాయా అని చూడటానికి 2016లో అమెరికాలో పరిశోధకులు డేవిడ్ వార్టింగర్, మార్క్ మిచెల్ సిలికోన్ కిడ్నీ నమూనాలో రాళ్లు పెట్టి రోలర్ కోస్టర్ ఎక్కించారు. వెనక సీట్లో దాదాపు 64 శాతం, ముందు సీట్లో 17 శాతం రాళ్లు కదిలి బయటపడ్డాయి. ఈ పనికి 2018లో, నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి దక్కింది. ప్రయోగం జరిగింది మాత్రం మనుషుల మీద కాదు, నమూనా మీద.

గనుల ప్రాంతంలో

చెమట ఎక్కువైతే మూత్రం తగ్గి చిక్కబడుతుంది; కాల్షియం, ఆక్సలేట్, యూరిక్ ఆమ్లం స్ఫటికాలుగా పేరుకుంటాయి. 2005లో ప్రచురితమైన ఒక బ్రెజిల్ అధ్యయనంలో, ఉక్కు కర్మాగారంలో వేడి చోట పనిచేసేవారిలో 8 శాతానికి, మామూలు ఉష్ణోగ్రతలో పనిచేసేవారిలో 0.9 శాతానికి రాళ్లు కనిపించాయి. రామగుండం తెలంగాణలో అత్యధిక ఎండలు నమోదయ్యే చోట్లలో ఒకటి. భూగర్భ గనుల్లో తేమ వల్ల చెమట ఆరదు. పని చోట వెట్‌బల్బ్ ఉష్ణోగ్రత (తేమను కూడా లెక్కలోకి తీసుకునే కొలత) 33.5 డిగ్రీలు దాటకూడదని గనుల నిబంధనలే చెబుతాయి.

ఓపెన్‌కాస్టు గనుల్లో డంపర్, డోజర్ నడిపేవారికి షిఫ్టంతా ఒళ్లు కుదుపే. దీన్ని చికిత్సతో పోల్చకూడదు. చికిత్సలో రాయి చోటు, పడుకునే భంగిమ, వ్యవధి అన్నీ వైద్యుడు నిర్ణయిస్తాడు. యంత్రం కుదుపు గంటల తరబడి వెన్నెముకకు తగులుతుంది. నడుము నొప్పికి అదొక కారణం. ఒంటికి తగిలే కుదుపును కొలిచే ఐఎస్ఓ 2631 ప్రమాణం కూడా దాన్ని ముప్పుగానే చూస్తుంది.

ఎవరికి పనికిరాదు

గర్భిణులకు, రక్తస్రావ సమస్యలున్నవారికి, రక్తం పలచబడే మందులు వాడేవారికి, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నవారికి ఇది తగదు. నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా, ఉన్న ఒక్క కిడ్నీకే అడ్డుపడినా అది అత్యవసర స్థితి. స్టెంట్ వేసి గానీ, నడుము నుంచి గొట్టం పెట్టి గానీ ముందు మూత్రానికి దారి చేయాలి. పెద్ద రాళ్లకు షాక్‌వేవ్ లేదా యూరెటరోస్కోపీ (మూత్రనాళంలోకి సన్నని గొట్టం పంపి రాయి తీసే పద్ధతి) అవసరమవుతుంది. ఇక్కడి గనులను నడిపే సింగరేణి కంపెనీ కార్మికులు మొదట వెళ్లేది కంపెనీ ఏరియా ఆసుపత్రికి. అక్కడ కుదరని కేసులను పెద్ద ఆసుపత్రులకు రెఫర్ చేస్తారు.

నివారణ

కంపనం ఇప్పటికే ఉన్న రాయిని కదిలించగలదేమో గానీ కొత్త రాయిని ఆపలేదు. దానికి నీళ్లే ఆధారం. 1996లో వెలువడిన ఇటలీ అధ్యయనంలో, నీళ్లు బాగా తాగినవారిలో అయిదేళ్లలో 12 శాతానికే మళ్లీ రాళ్లు వచ్చాయి. మిగతావారిలో 27 శాతానికి. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం రావాలన్నది ఇప్పటి సలహా. చెమటలో పోయేది ఇందులో కలవదు కాబట్టి, గనిలో దిగేవారు దానికి తగ్గట్టు ఇంకా ఎక్కువ తాగాలి.