వైర్‌లెస్ గేమింగ్ హెడ్‌సెట్ ఎంపిక

వైర్‌లెస్ గేమింగ్ హెడ్‌సెట్ ఆటలోని శబ్దాన్ని తీగ లేకుండా చెవికి, ఆడేవారి మాటను జట్టుకు చేరుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోని కురిచేడు, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కనుక ఇక్కడ ఎంపిక చెవి దిండ్లతోనే మొదలవ్వాలి. కృత్రిమ తోలు దిండ్లు బయటి చప్పుడును బాగా ఆపుతాయి కానీ చెమట పట్టిస్తాయి, కొన్నాళ్లకు పొరలు ఊడతాయి. గుడ్డ దిండ్లకు గాలి ఆడుతుంది. ఫ్యాన్ హోరు కొంత వినిపించినా ఈ వాతావరణానికి అవే మేలు. బరువూ ముఖ్యమే. లాజిటెక్ జి435 165 గ్రాములే ఉంటుంది, 300 గ్రాములు దాటేవి చాలా ఉన్నాయి. కళ్లజోడు వాడేవారు దాన్ని పెట్టుకునే హెడ్‌సెట్ సరిచూసుకోవాలి.

ఇక అనుసంధానం విషయానికి వస్తే, మామూలు బ్లూటూత్‌లో శబ్దం తరచు 100 నుంచి 200 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. 2021లో భారత్‌లో విడుదలైన బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) వంటి కాల్పుల ఆటల్లో అడుగుల చప్పుడు అంత ఆలస్యమైతే ప్రత్యర్థి ముందే కాల్చేస్తాడు. పైగా మైకు తెరవగానే చాలా బ్లూటూత్ సెట్లలో ధ్వని నాణ్యత పడిపోతుంది. ఫోన్‌కో కంప్యూటర్‌కో గుచ్చే 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌లో ఆలస్యం చాలా తక్కువ. ఫోన్‌లో ఆడేవారు టైప్-సి డాంగిల్ ఉన్నదే కొనాలి.

పెట్టెపై రాసే 7.1 సరౌండ్ సాధారణంగా రెండు స్పీకర్లతో సాఫ్ట్‌వేర్ కల్పించేదే. దిక్కు తెలియడానికి మంచి స్టీరియో చాలు.

ఏ హెడ్‌సెట్ కొన్నా శబ్దం మితంగా పెట్టుకోవాలి: పెద్దలకు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ వరకే సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.